తొమ్మిది నెలల లెక్క

ఇదంతా ఒడెట్ గ్రావెల్ నా జుట్టు కత్తిరిస్తూ చెప్పింది,
అద్దంలోంచి, నా వైపు చూడకుండా.

సడ్‌బరీలో ఫిబ్రవరి. డెంటిస్టు పక్క మెట్లు.
బూట్ల మంచు దులుపుకుని పైకెక్కిందట.
చేతిలో కిరాణా సంచి. అందులో కూరలు లేవు,
పద్నాలుగు నెలలుగా చింపని కవర్లు.

ట్రస్టీ పేరు ఐలా సార్కి. ఫిన్లాండు వాళ్ళ మనవరాలు.
చేపలు శుభ్రం చేసేవాళ్ళ నెమ్మదితో
ఒక్కో కవరు పొట్ట చీల్చి,
లోపలిది తీసి పక్కన పెట్టింది.
"ఇది?" "ఫర్నేసు."
"ఇది?" "పళ్ళు. కింది వరస."
"ఇది?"
"ఆ కార్డు కట్టడానికి ఈ కార్డు.
ఈ కార్డు కట్టడానికి…"
ఆ వాక్యం ఎక్కడ ఆపాలో ఒడెట్‌కి తెలియలేదు.

నలభై మూడువేల ఆరువందల పన్నెండు డాలర్లు.
అంకె బయటికొచ్చాక గదిలో ఏదీ కూలలేదు.
హీటరు గురక పెడుతూనే ఉంది.

"ఇప్పుడు నీకున్నవి చెప్పు."
మంచం. కుట్టుమిషను.
ఎడమ తలుపు తెరుచుకోని పదమూడేళ్ళ కారు.
కత్తెరలు, ఆరు.
"కత్తెరలు తీసుకుంటారా?"
ఈ ఒక్క ప్రశ్న అడగలేకే
మూడుసార్లు మెట్ల దాకా వచ్చి తిరిగిపోయింది.
"చేతిపని సామాను చట్టం ముట్టదు.
మంచం ముట్టదు. ఆ కారునీ ముట్టదు."
ముట్టనివి ఇన్నున్నాయని
రోజూ ఫోన్లో అరిచే కుర్రాడు ఎప్పుడూ అనలేదు.

మా వైపు దీన్ని ఐపీ పెట్టడం అంటారు.
పెట్టినవాడు తెల్లారేసరికి ఊళ్ళో ఉండడు,
ఉన్నా తలమీద తుండుగుడ్డ దిగదు.
ఈమె పట్టపగలు, తన కాళ్ళమీద తను,
పేరు అక్షరం అక్షరం పలికి రాయించుకుంది.

చిక్కు ఒక్కచోటే.
"చెల్లెలు జినెట్ ఇచ్చిన రెండువేలు…
అది రాయకపోతే?"
"రాయాలి. అప్పు ఎవరిదైనా అప్పే.
ఆమెకీ నోటీసు వెళ్తుంది, బ్యాంకుకి వెళ్ళినట్టే.
ముందుగా ఆమెకి తీర్చేయడం కూడా కుదరదు."
ఒడెట్ పెన్ను కింద పెట్టింది.
చాలాసేపటికి మళ్ళీ తీసుకుంది.

కార్డులు కోయమని ఐలా కత్తెర ఇచ్చింది,
ఆఫీసు కత్తెర, మొద్దుది.
"నా వాటితో కోసేదాన్ని కాదులే," అంది నాతో,
"ప్లాస్టిక్కుకి పదును పోతుంది."

సంతకం పెట్టాక ఫోను మోగడం మానేసింది.
పాడైందేమోనని రెండోరోజు
పక్కింటావిడ చేత రింగు చేయించుకుంది.

తొమ్మిది నెలలు.
"ఇద్దరు పిల్లలకీ అంతే పట్టింది," అని నవ్వింది,
నా చెవి పక్క కత్తెర ఆపి.
నెలనెలా లెక్క రాసివ్వాలి:
టిప్పులతో సహా వచ్చింది, కాఫీతో సహా పోయింది.
రెండు పాఠాలకి వెళ్ళాలి.
పన్ను వాపసు వస్తే అది ట్రస్టీది.
లాటరీ తగిలితే అదీ. "తగలలేదు, అదృష్టం!"
ఆ తర్వాత ఆరేడేళ్ళు
అప్పిచ్చేవాళ్ళ పుస్తకంలో పేరు పక్కన మచ్చ.
"ఉండనీ. నేనేం అడగబోతున్నానా?"

నవంబరులో విడుదల కాగితం వచ్చింది.
అలవాటు. రెండు రోజులు చింపలేదు.
చింపాక, స్టవ్ ముందు నిలబడే చదివింది.
అందులో జినెట్ రెండువేలూ కొట్టేసి ఉన్నాయి,
బ్యాంకు వేలతో కలిపి, ఒకే గీతతో.

జినెట్ ఫిబ్రవరి నుంచీ మాట్లాడలేదు.

డిసెంబరు నుంచి నెలకి యాభై
టిమిన్స్‌కి చెక్కు పంపుతోంది ఒడెట్.
ఇవ్వక్కర్లేదని ఐలా చెప్పింది.
ఇవ్వకూడదని మాత్రం చెప్పలేదు.
మూడు వెళ్ళాయి. ఒక్కటీ బ్యాంకుకి రాలేదు.

మెడ మీది వెంట్రుకలు బ్రష్‌తో దులిపి,
నా భుజం మీంచి గుడ్డ తీసి విదిలించింది.
"ఖాతాలో ఆ నూటయాభై అలాగే ఉంది," అంది.
"గడిచినా గడవకపోయినా
దాన్ని నేను ముట్టను."